వదులు తాడు

మేకల పందెంలో పరిగెత్తేది మేక ఒక్కటే అనుకునేవాళ్ళు మా బుకూ ఊళ్ళో ఎవరూ లేరు. మేకతోపాటు మనిషీ పరిగెత్తాలి. కాళ్ళకు చెప్పులుండకూడదు. ఒక చేతిలో మేక మెడకు కట్టిన తాడు, రెండో చేతిలో సన్నటి బెత్తం. తాడు చెయ్యి జారిందా, పందెం పోయినట్టే. తాడు బిగిసిందా, మనిషి వెనకబడి మేకను కూడా వెనక్కి లాగుతున్నట్టు. అందుకే మంచి జాకీ ఎవరో తెలుసుకోవాలంటే కాళ్ళు చూడక్కర్లేదు, తాడు చూడమంటారు మావాళ్ళు. అది మధ్యలో కాస్త వేలాడుతూ ఉండాలి. మా నాన్న ఆల్ఫర్డ్ క్వాషీ చేతిలో వేలాడినట్టు టొబాగో ద్వీపంలో ఇంకెవరి చేతిలోనూ తాడు వేలాడదని అందరూ చెప్పుకునేవారు. అందరికంటే ఎక్కువగా మా నాన్నే చెప్పుకునేవాడు.

ఆ ఏడాది కార్నివాల్ అయిపోయిన మర్నాడు, బూడిద బుధవారం పొద్దున, ఆయన పడవ మీంచి రేవు చెక్కల మీదికి దూకబోయి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. చర్చికెళ్ళి నుదుట బూడిద పెట్టించుకోకుండా పనిలోకి దిగినందుకే ఇలా అయిందని మా మేనత్త అంది. రెండు రోజులు రమ్ము పోసుకుని గెంతినందుకని మా అమ్మ అంది. డాక్టరు తొడ నుంచి మడమ దాకా కట్టు వేసి, వానలు పడేదాకా పరుగు మాట ఎత్తొద్దన్నాడు. పందేలేమో ఈస్టర్ వెళ్ళిన మంగళవారం. మాటకు ముందు ఒంటికాలి మీద లేవడం మా నాన్నకు ఎప్పుడూ ఉన్న అలవాటే. ఈస్టర్ ముందరి ఆ లెంట్ ఉపవాసాల రోజుల్లో ఆయనకు నిజంగానే ఒంటికాలు మిగిలింది.

అప్పటిదాకా మా ఇంట్లో ఎవరి పని ఏమిటో ఎవరూ అడగనక్కర్లేకుండా సాగిపోయేది. అడుగున అద్దం బిగించిన పడవ నాన్నది. యాత్రికుల్ని ఎక్కించుకుని పగడపు దిబ్బలు చూపించి, సముద్రం నడుమ లోతు తక్కువున్న నైలాన్ పూల్‌లో దింపి తీసుకొచ్చేవాడు. పందొమ్మిదేళ్ళు నిండిన కూతుర్నైనా నా పని వాళ్ళకు నీళ్ళలో చూసే కళ్ళద్దాలందించడం, పడవలో చేరిన నీళ్ళు తోడిపొయ్యడం. అమ్మ యూలాది రేవు పక్కన బడ్డీ, పీతల కూర, డంప్లింగ్ అనే ఉడికించిన పిండి ముద్దలు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు నాన్న ముందు నడిచేవాడు, అమ్మా నేనూ వెనక. ఆయన నడకలో వెనక్కి చూడడమన్నది ఎరగడు. మేం ఎక్కడున్నామో ఆయనకు చర్చి మెట్ల దగ్గర తెలిసేది.

మేక పేరు బిషప్. ఒళ్ళంతా నలుపు, మెడ చుట్టూ తెల్లటి పట్టీ, బారెడు గడ్డం. వాడు ప్రార్థన జరుగుతుండగా వచ్చి చర్చి గుమ్మంలో నిలబడితే ముసలమ్మలు లేచి దారిచ్చారని మా ఊళ్ళో ఒక కథ ఉంది. కథ అబద్ధం. దారిచ్చింది ఒక్క ముసలమ్మే.

*

సిమెంటు కట్టు ఆరగానే నాన్న నన్ను పిలిచి తోపుడు బండి తెమ్మన్నాడు. అందులో కూర్చోబెట్టుకుని రమ్ము కొట్టుకు తోసుకెళ్ళాను. అక్కడ మా ఫిట్జ్ మామయ్య, అమ్మకు తమ్ముడు, బల్ల మీద డోమినోలు పరుచుకుని కూర్చునున్నాడు. బండిని చూడగానే టోపీ తీశాడు.

"రా బావా రా. ఊరేగింపు బాగుంది. వెనక బ్యాండు లేదేం?"

"నోరు ముయ్యి. ఒక గ్లాసు పొయ్యమను."

"పోయిస్తాను గానీ, ఈసారి బిషప్ సంగతేంటి? పక్కన పరిగెత్తేవాడు లేని మేకని మా ఇంట్లో మాంసం అంటారు."

"నా మేక సంగతి మాట్లాడేప్పుడు టోపీ తీసి మాట్లాడు."

"తీసే ఉంది బావా, చూసుకో. పందేలైన శనివారం మా లోర్నా పెళ్ళి. ఊరంతా వస్తుంది. బిషప్ గారు వచ్చి ఒక్కసారి కుండలో కూర్చుంటే అందరికీ ఆశీర్వాదం అందుతుంది."

కొట్లో వాళ్ళంతా నవ్వారు. నాన్నకు ముఖం ఎర్రబడింది. ఆయన చేతిలో గ్లాసు బల్ల మీద కొట్టి అన్నాడు: "పక్కూరు లాంబో నుంచి జాకీ కెస్టర్‌ని పిలిపిస్తున్నా. వాడు పరిగెత్తిస్తాడు. బిషప్ మొదట రాకపోతే నువ్వే తోలుకెళ్ళి కోసుకో. మసాలా కూడా మా ఇంట్లోనే నూరిస్తా."

ఎవరూ నవ్వలేదు. కొట్టు యజమాని రేడియో గొంతు తగ్గించాడు. పందెం మేకను కోసుకు తినడం మా ఊళ్ళో లేదు. అవి ముసలివై చచ్చిపోతాయి, పెరట్లో పాతిపెడతాం, ఎక్కడ పాతామో పిల్లలకు చూపిస్తాం. ఆ మాట అన్నవాడు టొబాగోలో అందరికంటే బాగా తాడు పట్టే మనిషి కావడంతో ఏమనాలో ఎవరికీ తోచలేదు. మామయ్య కూడా డోమినోల కేసి చూస్తూ, "ఎందుకులే బావా" అని గొణిగాడు. ఆ గొణుగుడు నాన్నకు ఇంకా మండించింది.

"అందరూ విన్నారుగా," అన్నాడు.

మేం ఇంటికి వచ్చేసరికే మాట ఇంటికి చేరింది. బండి తోసుకుంటూ వచ్చేవాళ్ళకంటే నోళ్ళు తొందరగా నడుస్తాయి. అమ్మ పొయ్యి దగ్గర పీతల డొప్పలు తోముతోంది. తలెత్తలేదు.

"మసాలా ఎవరు నూరాలి?" అని అడిగింది.

"ఏదో మాటవరసకి అన్నానులే."

"మసాలా ఎవరు నూరాలని అడుగుతున్నా, ఆల్ఫర్డ్."

ఇంట్లో మసాలా నూరేది ఆవిడొక్కతే.

*

కెస్టర్ వచ్చాడు. వాడు అందగాడు, వాడి కాళ్ళు ఇంకా అందమైనవి, ఆ సంగతి వాడికి తెలుసు. బిషప్ తాడు అందుకుని వీధిలో పది బారలు పరిగెత్తాడు. బిషప్ ఆ పది బారలూ పరిగెత్తి, ఆగి, రోడ్డు మధ్యలో మడతపెట్టినట్టు కూర్చున్నాడు.

"బెత్తం తగిలించు," అని నాన్న వరండాలోంచి అరిచాడు.

తగిలించాడు. బిషప్ నెమరు వేశాడు.

"బుజ్జగించు."

బుజ్జగించాడు. బిషప్ వాడి చొక్కా అంచు నములుతూ కూర్చున్నాడు. కారో, జీపో వచ్చి హారను కొట్టినా కదల్లేదు. వారం రోజులు అదే తంతు. నాన్న వరండాలో కుర్చీ మీద, కాలు స్టూలు మీద, గొంతు పోయేలా అరవడం, కెస్టర్ చెమటలు కక్కడం, వీధిలో పిల్లకాయలు పందెం కట్టుకోవడం, మేక లేస్తుందా లేవదా అని. మధ్యాహ్నం అమ్మ బడ్డీ నుంచి వస్తూ సన్నగా ఈల వేసేది. బిషప్ లేచి ఆవిడ వెనకే పెరట్లోకి పోయేవాడు.

"మీ మేకకి నా మీద మనసు లేదు కెప్టెన్," అని కెస్టర్ వారం తర్వాత తాడు తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టాడు. వాడిని డైనమైట్ అనే మేక ఉన్నవాళ్ళు పిలుస్తున్నారని మాకు ముందే తెలుసు.

ఆ సాయంత్రం నాన్న అన్నం ముట్టలేదు. అమ్మ పట్టుబట్టలేదు. గిన్నె మీద మూత పెట్టి పెరట్లోకి వెళ్ళి బిషప్ పక్కన చాలాసేపు కూర్చుంది. ఆవిడ వాడితో ఏం చెప్పిందో గానీ వంగిన ఆవిడ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

*

మా వెనక గదిలో ఆ ఏడు నార్వే నుంచి ఒకావిడ దిగింది. పేరు ఇంగ్రిడ్. రిటైరైన టీచరమ్మ, ఒంటరిగా వచ్చింది, ఒక్క పూట ఖాళీగా కూర్చోదు. ద్వీపంలో చూడాల్సినదంతా చూసి వెళ్ళాలని ఆవిడ పట్టుదల. కాలు కదపలేని మా నాన్నకు ఆవిడ దొరకడం దేవుడు పంపినట్టే అయింది. రోజూ సాయంత్రం ఆవిడ కోకో టీ కప్పు పట్టుకుని వరండాలోకి వచ్చేది.

"రేపు ఎక్కడికి వెళ్ళమంటారు, కెప్టెన్?"

"రేపు ఆర్గైల్ జలపాతానికి పొండి. పై మడుగు దాకా ఎక్కండి, కింద మడుగు చూసి వచ్చేవాళ్ళు సోమరిపోతులు. ఎల్లుండి కోటకి. పీతలు తినాలంటే ఎక్కడికీ పోనక్కర్లేదు, మా యూలా బడ్డీకి పొండి."

మర్నాడు ఆవిడ వచ్చి ఏమేం చూసిందో చెప్పేది. నాన్న కళ్ళు మూసుకుని వినేవాడు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి, కోట మీద ఫిరంగి ఎటు తిరిగి ఉంది అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఆవిడ కాళ్ళతో ఆయన తిరుగుతున్నాడు.

పగడపు దిబ్బల రోజు వచ్చింది. పడవ నడపడానికి ఎవరినైనా పెడదామంటే నాన్నకు ఎవరూ నచ్చలేదు. ఒకడికి గాలి తెలియదు, ఇంకొకడికి రాళ్ళు తెలియవు, మూడోవాడికి అన్నీ తెలుసు గానీ నోరు కంపు. చివరికి తాళం నా చేతిలో పడేశాడు.

"దిబ్బ దగ్గర ఇంజన్ తగ్గించు. నీళ్ళ రంగు చూసుకో, పచ్చగా ఉన్నచోట పో, గోధుమరంగుంటే పోకు. రాయికి తగిలించావో, ఇంటికి రాకు."

"సరే నాన్నా."

"నైలాన్ పూల్‌లో దిగితే వయసులో పదేళ్ళు తగ్గుతాయని చెప్పు. చెప్పకపోతే వాళ్ళకి తృప్తిగా ఉండదు."

చెప్పాను. సముద్రం నడిమధ్య నడుముల్లోతు నీళ్ళలో, తెల్లటి ఇసక మీద నిలబడి ఇంగ్రిడ్ చేతులతో ముఖం కడుక్కుని, "తగ్గాయా?" అని అడిగింది. పడవ ఒక్క రాయికీ తగల్లేదు.

వెళ్ళిపోయే రోజులు దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం నాన్న ఆవిడని అడిగాడు, "అన్నీ చూశారు. మొత్తం మీద ఏది బాగుందో చెప్పండి." పగడపు దిబ్బలని ఆవిడ చేత అనిపించుకోవాలని ఆయన కోరిక. మా పడవేగా.

ఇంగ్రిడ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "చెబితే నవ్వుతారేమో. నాకు అన్నిటికంటే బాగా నచ్చింది తెల్లవారుజామున మీ ఆవిడ మేకతో ఈదడం. వచ్చిన మూడో రోజు చూశాను. అప్పటినుంచి రోజూ వెళ్ళి కొబ్బరిచెట్టు కింద కూర్చుంటున్నాను. ఆ మేక మీ ఆవిడ కోసం ఆగుతుంది, తెలుసా? ఆవిడ నెమ్మదిగా ఈదుతుంది. అది ముందుకు పోయి, వెనక్కి తిరిగి, ఆవిడ వచ్చేదాకా అక్కడే నీళ్ళు తన్నుకుంటూ ఉంటుంది. ఇంత చక్కటిది నేను ఎక్కడా చూడలేదు. మీరు రోజూ చూస్తారు గనక మీకు మామూలే."

నాన్న కప్పు కింద పెట్టాడు. పందెం మేకల్ని సముద్రంలో ఈదించడం మా ఊళ్ళో అందరూ చేసేదే, కాళ్ళకు బలం వస్తుంది. నాలుగేళ్ళుగా బిషప్‌ని ఈదించేది అమ్మ అని ఆయనకు తెలుసు. ఆయన లెక్కలో అది గిన్నెలు కడగడం లాంటి పని. అది జరిగే వేళకు ఆయన గురక పెడుతుండేవాడు.

"ఆ, మామూలే," అన్నాడు నాన్న.

*

మర్నాడు వెలుగు రాకముందే నన్ను లేపాడు. తోపుడు బండి వద్దన్నాడు. ఒక చంకలో కర్ర, ఇంకో పక్క నేను, ఇసకలో ఈడ్చుకుంటూ వెళ్ళాం. కొబ్బరిచెట్టు కింద ఇంగ్రిడ్ అప్పటికే కూర్చునుంది. మమ్మల్ని చూసి కాస్త జరిగింది. మంచావిడ.

నీళ్ళలో రెండు తలలు. ముందు కొమ్ములున్నది, వెనక పాత గుడ్డ చుట్టుకున్నది. బిషప్ గడ్డం పైకెత్తి దర్జాగా ఈదుతున్నాడు. అమ్మ వెనకబడింది, తాడు నీళ్ళమీదికి తేలి బిగుసుకుంది. బిగియగానే బిషప్ ఆగాడు. తిరిగి చూశాడు. అమ్మ దగ్గరికి వచ్చి, తాడు మళ్ళీ నీళ్ళలో మునిగాక కదిలాడు. ఒడ్డుకొచ్చాక ఇద్దరూ ఒళ్ళు దులుపుకుని తడి ఇసక మీద పరుగు అందుకున్నారు. అమ్మకు నలభై అయిదేళ్ళు, మనిషి భారీ. కానీ ఇసక మీద ఆవిడ కాళ్ళు ఇంత తేలిగ్గా పడతాయని నేనెప్పుడూ అనుకోలేదు. వాడి భుజం పక్కన ఆవిడ మోకాలు, ఇద్దరి మధ్య తాడు. అది వేలాడుతోంది.

నాన్న తాడు వంకే చూస్తున్నాడు.

అమ్మ మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చింది. "ఏమైంది, ఈ వేళప్పుడు? ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"తాడు అలా పట్టడం ఎవరు నేర్పారు?" అన్నాడు నాన్న.

"మరెలా పట్టుకుంటారు? వాడికి మెడ నొప్పెట్టదా?"

నాన్న ఇంటికొచ్చి, మేకు మీద వేలాడుతున్న తన పందెం లాగు, తెల్లది, తీసి నా మీదికి విసిరాడు.

"జెస్సమీ, దీని నడుము వదులు చెయ్యాలి. బాగా చెయ్యి," అన్నాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు పిండినట్టు తలగుడ్డ పిండుతూ. లాగు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "పీతలు ఎవరు వండుతారు?" అంది.

"పీతలకి రెండు కాళ్ళెందుకు. స్టూలు మీద కూర్చుని వండుతా."

*

ఊరు నవ్వింది. నవ్వదూ మరి? ఫిట్జ్ మామయ్య అయితే బడ్డీ దగ్గరికే వచ్చాడు. స్టూలు మీద కూర్చుని డంప్లింగ్ పిండి పిసుకుతున్న బావని, చెమటలు కారుతూ ఇసక మీదనుంచి వస్తున్న అక్కని చూసి, ముందు ఎవరిని వెక్కిరించాలో తెలియక తికమకపడ్డాడు.

"అక్కా, నీ వయసేంటి, నీ ఒళ్ళేంటి, ఈ పరుగులేంటి?"

"నా ఒళ్ళు నేను మోసుకుంటున్నా. నిన్నేమైనా ఓ చెయ్యి వెయ్యమన్నానా?"

"నేను సరదాకన్నాను అక్కా, ఆ కుండ మాట. బావే బిగుసుక్కూర్చున్నాడు."

"మాటన్నవాడు అక్కడున్నాడు, పోయి అడుగు," అంది అమ్మ. నాన్న పిండి కేసి చూస్తూ ఇంకా గట్టిగా పిసికాడు. ఆయన వెనక్కి తీసుకోలేడు, ఊరంతా విని ఉంది. బిషప్ మొదట రావడమొక్కటే దారి. ఆ సంగతి అమ్మకు తెలుసు కాబట్టే పరిగెత్తుతోంది.

గుడ్ ఫ్రైడే రోజు సముద్రంలో దిగకూడదు, దిగితే చేపలైపోతామని మావాళ్ళ నమ్మకం. బిషప్‌కి ఆ నమ్మకం లేదు, నీళ్ళలోకి లాగుతూనే ఉన్నాడు. "ఇవాళొద్దు కన్నా, చేపవైతే మరీ తొందరగా కుండలోకి పోతావు," అని అమ్మ వాడిని గట్టు మీదే నడిపించింది.

శనివారం నేనొక పని చేశాను. పడవలో యాత్రికుల్ని ఎక్కించలేదు. అమ్మని ఎక్కించాను, బిషప్‌ని ఎక్కించాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి బుకూలో ఉన్న మా అమ్మ నైలాన్ పూల్ ఎప్పుడూ చూడలేదు. పడవ వచ్చినవాళ్ళ కోసం, మన కోసం కాదు. బిషప్ అడుగు అద్దాన్ని చూసి దాని మీద కాలు పెట్టనంటే పెట్టనన్నాడు, దారిపొడుగునా బెంచీ మీదే నిలబడ్డాడు. అమ్మ మాత్రం అద్దం మీద వంగి, పగడాల మీద తిరిగే నీలం చేపల్ని చూస్తూ, "ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా?" అంది. అలా రెండు మూడు సార్లు అంది.

నడుముల్లోతు నీళ్ళలో ఆవిడా బిషప్పూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరిగెత్తారు. అలిసి, నీళ్ళలో నిలబడి, దోసిటితో ముఖం కడుక్కుంది.

"పదేళ్ళు తగ్గుతాయట అమ్మా."

"వాడికి తగ్గించకే, పిల్లమేకైతే పందెంలోకి రానివ్వరు," అని నవ్వింది. మా అమ్మ అంత అందంగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

*

అప్పటికింకా ఇప్పటి సిమెంటు స్టేడియం లేదు. గడ్డి మైదానం, రెండు పక్కలా తాళ్ళు, చివర సున్నం గీత. మంగళవారం మధ్యాహ్నానికి ద్వీపమంతా అక్కడే ఉంది. నాన్న సున్నం గీత పక్కన బోర్లించిన పీపా మీద కూర్చున్నాడు. ఆయనకు ఒక పక్క ఇంగ్రిడ్, ఇంకో పక్క నేను. మామయ్య కాస్త ఎడంగా.

అమ్మ తెల్ల లాగు, నాన్న పసుపు బనీను వేసుకుని కాళ్ళకు చెప్పుల్లేకుండా మైదానంలోకి వస్తే నవ్వులు రేగాయి. మొదటి పందెం అయ్యేసరికి అణిగాయి. ఆరు మేకల్లో బిషప్ ముందు దాటాడు, తాడు వేలాడుతూనే ఉంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు.

ఆఖరి పందేనికి ఎండ ఇంకా తగ్గలేదు. గేట్లు తెరుచుకున్నాయి. కెస్టర్ డైనమైట్‌తో దూసుకొచ్చాడు గానీ సగం దూరం దాకా బిషప్పే ముందు. పక్కన అమ్మ, తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, ఆ పెద్ద ఒంటితో గాలిలో పోతున్నట్టే పోతోంది. ముప్పాతిక వంతు దాటేసరికి మిగతావాళ్ళకూ వీళ్ళకూ మధ్య మేక పొడుగంత ఖాళీ ఉంది. మామయ్య టోపీ తీసి ఊపుతున్నాడు, తను ఎవరి పక్షమో మరిచిపోయి.

అప్పుడు అమ్మకు ఊపిరి అందలేదు. కాళ్ళు ఆగలేదు, నెమ్మదించాయి, అంతే. తాడు బిగిసి లేచింది.

నాన్న కట్టు కాలి మీదే లేచి నిలబడ్డాడు. "తాడు," అన్నాడు. అరవలేదు.

మాలో ఒక్కరికీ అంతవరకూ తట్టలేదు. అందరం వేలాడే తాడునే చూసి మురిసిపోయాం. బిగిస్తే వాడేం చేస్తాడో రోజూ సముద్రంలో చూస్తూ కూడా ఆలోచించలేదు. తాడు వేలాడితే చాలనుకునే ఊరు మాది.

గీత ఇంకా మూడు అంగల దూరంలో ఉందనగా బిషప్ ఆగాడు. వెనక్కి తిరిగాడు. అమ్మ వచ్చేదాకా గడ్డం ఎత్తి అలాగే నిలబడ్డాడు. పక్కనుంచి డైనమైట్ పోయింది, ఇంకో మేకా పోయింది. అమ్మ వచ్చి వాడి వీపు మీద చెయ్యి వేసింది. తాడు కిందికి జారింది. ఇద్దరూ కలిసి మూడోవాళ్ళుగా గీత దాటారు.

మైకు పట్టుకున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "పెద్దలారా, పిన్నలారా, బిషప్ గారు మా యూలమ్మ కోసం ఆగారు. ఎన్నో ఏళ్ళుగా ఈ మైకు పట్టుకున్నాను. ఈ ఊళ్ళో ఆడమనిషి కోసం ఆగిన మగాణ్ణి ఇవాళే చూశాను." ఆడవాళ్ళంతా ఒక్కసారి కేకలు పెట్టారు. ఇంగ్రిడ్‌కు ఆ యాస అర్థమైందో లేదో గానీ ఏడుస్తూ చప్పట్లు కొట్టింది.

అమ్మ మాత్రం ఎవరినీ చూడలేదు. గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని వాడి మెడ చుట్టూ చేతులు వేసి రొప్పుతోంది. మేం దగ్గరికి వెళ్ళాం. మామయ్య కూడా వచ్చాడు, టోపీ చేతిలో నలుపుతూ.

"వాడి తప్పు లేదు," అంది అమ్మ, తల వాడి మెడలోంచి ఎత్తకుండా. "నేనే అలా నేర్పాను."

"తెలుసు," అన్నాడు నాన్న.

ఆయన మామయ్య వైపు తిరిగాడు. చుట్టూ రమ్ము కొట్టు వాళ్ళంతా చేరారు, ఆ రోజు విన్నవాళ్ళే.

"ఫిట్జ్, పెళ్ళికి కోళ్ళు చూసుకో."

మామయ్య ముఖంలో ప్రాణం లేచొచ్చింది, అయినా నోరు ఊరుకోదుగా. "అందరి ముందూ మాటిచ్చావు బావా."

"అందరి ముందే తప్పుతున్నా. కావాలంటే రేపటినుంచి నన్ను మాట మీద నిలబడనివాడని పిలవండి. కోడికూర నేనే వండుతా, మసాలా నేనే నూరుతా."

కొట్టువాళ్ళలో ఒకడు టోపీ తీశాడు. ఇంకొకడు తీశాడు. పందెం గెలిచినప్పుడు కూడా మా నాన్నకు ఆ మర్యాద ఎవరూ చెయ్యలేదు.

*

ఇంటికి బయల్దేరేటప్పుడు నాన్న అమ్మ చేతిలోంచి తాడు తీసుకున్నాడు. బడ్డీ నుంచి తెచ్చిన పెద్ద గిన్నె అమ్మ నెత్తికెత్తుకుంది, ఎంత వద్దన్నా వినకుండా. ఎప్పటిలాగే నాన్న ముందు, మేం వెనక.

చంకలో కర్రతో ఆయన నడక ఒక అడుగుకు రెండు కుంటులు. బిషప్ నాలుగడుగులు ముందుకు పోయాడు, తాడు బిగిసింది, ఆగాడు. వెనక్కి తిరిగి నాన్న వైపు చూశాడు. నాన్న కుంటుకుంటూ దగ్గరికి చేరాడు. తాడు వదులైంది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఆగడం. చర్చి దాకా అలాగే పోయారు. నేను గిన్నె అందుకుంటానంటే అమ్మ ఉండమని సైగ చేసి, వాళ్ళిద్దరినే చూస్తూ నడిచింది. పరుగు అలసటకి ఆవిడ కాళ్ళు తడబడుతున్నాయి, మేం చాలా వెనకబడ్డాం.

చర్చి మలుపు దగ్గర బిషప్ మళ్ళీ ఆగాడు. ఈసారి తాడు బిగియలేదు, నాన్న కూడా ఆగాడు. కర్ర నేలకు ఆనించి, నెమ్మదిగా ఒళ్ళంతా తిప్పి, వెనక్కి చూశాడు.

"రా యూలా," అన్నాడు. "తొందరేం లేదు. ఇద్దరం ఆగాం."